మేకు దగ్గర మొదలుపెట్టకు, పెళ్ళి దగ్గర మొదలుపెట్టు

ప్రశ్న: మేడమ్, నేను గుంటూరు జిల్లాలో బీఏ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. "మత సంస్కరణ ఉద్యమం, సమాజంపై దాని ప్రభావం" అనే అంశం మీద ఇరవై నిమిషాలు సెమినార్ ఇవ్వాలి. మా పుస్తకంలో కారణాలు, ఫలితాలు అని పాయింట్లు ఉన్నాయి గానీ, ఎన్నిసార్లు చదివినా మామూలు మనుషుల బతుకులో ఏం మారిందో అర్థం కావట్లేదు. ఇంకో టెన్షన్ కూడా ఉంది. మా అమ్మ వైపువాళ్ళు ఆర్.సి.ఎం. (రోమన్ కేథలిక్కులు), నాన్న వైపువాళ్ళు లూథరన్లు (ప్రొటెస్టెంట్లు). చిన్నప్పటి నుంచి రెండు గుళ్ళకీ వెళ్ళాను. ఒక వైపు మంచి చెబితే రెండో వైపుని తక్కువ చేసినట్టు అవుతుందేమోనని భయంగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు? (ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, నీ ఉత్తరం చూసి చాలా సంతోషం వేసింది. నువ్వు భయం అని రాసినదే నీకున్న బలం. రెండు గుళ్ళూ ఎరిగిన పిల్లవి, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం నీకు వచ్చినంత తేలిగ్గా నీ క్లాసులో ఇంకొకరికి రాదు. ఈ అంశాన్ని అలా చూస్తేనే అర్థమవుతుంది కూడా.

నా మాట ముందే చెప్పేస్తాను, నచ్చితే దీని చుట్టూనే సెమినార్ కట్టుకో. 16వ శతాబ్దంలో ఈ రెండు పక్షాలూ, అంటే కేథలిక్కులూ వాళ్ళ నుంచి విడిపోయిన ప్రొటెస్టెంట్లూ, ఒకదాన్నొకటి తిట్టుకుంటూ, చంపుకుంటూ కూడా, మామూలు జనం విషయంలో దాదాపు ఒకే పని చేశాయి. మతాన్ని గుడిలోంచి ఇంట్లోకి తీసుకొచ్చాయి. ఎవరు ఎవరిని పెళ్ళి చేసుకున్నారు, బిడ్డకి ఏం పేరు పెట్టారు, ప్రార్థన నోటికి వచ్చా రాదా, మొగుడు పెళ్ళాన్ని కొడుతున్నాడా, వీధిలో బిచ్చగాడికి ఎవరు పెట్టాలి, ఇవన్నీ అడిగేవి, రాసుకునేవి, నేర్పేవి, అవసరమైతే శిక్షించేవి అయిపోయాయి. అందులో మేలూ ఉంది, నొప్పీ ఉంది, రెండూ రెండు వైపులా ఉన్నాయి.

అందుకే 1517 అక్టోబరు 31న విటెన్‌బర్గ్ గుడి తలుపుకి మార్టిన్ లూథర్ అనే జర్మన్ సన్యాసి తన వాదాల కాగితాన్ని మేకుతో కొట్టిన కథతో మొదలుపెట్టకు. అసలు మేకు కొట్టాడా లేదా అన్న దాని మీదే చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. ఖాయంగా తెలిసింది, పాపపరిహార పత్రాల (డబ్బిస్తే పాపానికి శిక్ష తగ్గుతుందని చర్చి తరఫున అమ్మిన కాగితాల) అమ్మకాన్ని తప్పుపడుతూ 95 వాదాలు రాసి మైంజ్ ఆర్చ్‌బిషప్ ఆల్‌బ్రెక్ట్‌కి పంపాడని. ఆ ఆల్‌బ్రెక్ట్ పదవి కోసం ఫుగ్గర్లు అనే వడ్డీ వ్యాపారుల కుటుంబం దగ్గర అప్పు చేశాడు, పత్రాల డబ్బులో సగం ఆ అప్పు కిందకీ, సగం రోములో సెయింట్ పీటర్స్ గుడి కట్టడానికీ వెళ్ళాలి. ఇది ఒక నిమిషంలో చెప్పేసి ముందుకు వెళ్ళు.

నువ్వు మొదలుపెట్టాల్సింది పెళ్ళితో.

అప్పటి చర్చి చట్టంలో పెళ్ళి చెల్లడానికి గురువు అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు, తల్లిదండ్రుల అనుమతి అసలే అక్కర్లేదు. "నిన్ను నా భార్యగా తీసుకుంటున్నాను", "నిన్ను నా భర్తగా తీసుకుంటున్నాను" అని ఒకరికొకరు చెప్పుకుంటే చాలు, గడ్డివాము వెనక చెప్పుకున్నా అది పెళ్ళే. గుడిలో చేసుకోమని చర్చి చెప్పేది, రహస్యంగా చేసుకుంటే పాపం అనేది, కానీ చెల్లదని మాత్రం అనేది కాదు. దీనివల్ల ఏమయ్యేదో ఊహించు. మాటిచ్చి ఒక ఆడపిల్లతో కాపురం చేసి, తర్వాత "నేను ఆ మాట అననే లేదు" అని తప్పుకునే మగవాళ్ళు, సాక్షులు లేక చర్చి కోర్టుల్లో ఓడిపోయే ఆడవాళ్ళు. ఇటు తల్లిదండ్రులకీ కోపమే, మా ఆస్తి ఎవరికి పోతుందో మాకే తెలియకపోతే ఎలా అని.

దీన్ని రెండు పక్షాలూ సరిచేశాయి, చెరొక రకంగా. పెళ్ళి చర్చి పవిత్ర సంస్కారాల్లో (సాక్రమెంట్లలో) ఒకటి కాదని లూథర్ అన్నాడు, అది లోక వ్యవహారం, పాలకుల చేతిలో ఉండాలన్నాడు. జ్యూరిచ్‌లో 1525లో పెళ్ళి తగాదాల కోసమే ప్రత్యేకంగా ఒక కోర్టు పెట్టారు. ప్రొటెస్టెంట్ ఊళ్ళలో తల్లిదండ్రుల అనుమతి, సాక్షులు, గుడిలో బహిరంగంగా పెళ్ళి తప్పనిసరి అయ్యాయి. వ్యభిచారం జరిగినా, భర్త వదిలేసి వెళ్ళిపోయినా విడాకులు ఇచ్చి మళ్ళీ పెళ్ళికి అనుమతించారు, చాలా అరుదుగానే అనుకో. కేథలిక్కులు ట్రెంట్ నగరంలో 1545 నుంచి 1563 దాకా మధ్యమధ్యలో ఆగుతూ జరిపిన మహాసభలో, చివరి సంవత్సరం, దీని మీద చాలా తగవు పడ్డారు. ఫ్రెంచివాళ్ళు తల్లిదండ్రుల అనుమతి లేకపోతే పెళ్ళి చెల్లకూడదని పట్టుబట్టారు. సభ ఒప్పుకోలేదు. పెళ్ళికి ఆ ఇద్దరి ఒప్పుదలే ప్రాణం అంది. కానీ ఇకమీదట విచారణ గురువు (ఆ ఊరి చర్చి పరిధిని చూసే గురువు) ముందు, ఇద్దరు ముగ్గురు సాక్షుల ముందు జరగకపోతే అసలు పెళ్ళే కాదు, ముందు మూడుసార్లు గుడిలో అందరికీ వినపడేలా వాళ్ళ పేర్లు చదవాలి, గురువు పుస్తకంలో రాసుకోవాలి అని తీర్మానించింది. ఫ్రాన్స్ రాజు అంతకు ముందే, 1556లో, 30 ఏళ్ళ లోపు కొడుకు, 25 ఏళ్ళ లోపు కూతురు పెద్దల మాట కాదని పెళ్ళి చేసుకుంటే ఆస్తి ఇవ్వక్కర్లేదని శాసనం చేశాడు.

ఇక్కడ కాసేపు ఆగమ్మా. ప్రొటెస్టెంట్లు స్వేచ్ఛ తెచ్చారు, కేథలిక్కులు పాతదాన్ని పట్టుకుని వేలాడారు అన్న పాఠం ఈ ఒక్క విషయంలోనే తలకిందులైపోతుంది. పెళ్ళి చేసుకునే పిల్లల ఇష్టాన్ని గట్టిగా నిలబెట్టింది ట్రెంట్ సభ, పెద్దల చేతికి బలం ఇచ్చింది సంస్కర్తలు, తప్పించుకునే దారి, అంటే విడాకులు, ఇచ్చింది మళ్ళీ సంస్కర్తలే. మన దగ్గర ఈ తగవు ఇంకా ఇంటింటా ఉంది కాబట్టి నీ క్లాసులో అందరూ చెవులు రిక్కించి వింటారు.

తర్వాత పెళ్ళి చేసుకోని ఆడవాళ్ళ సంగతి. నాకు అన్నిటికన్నా మనసుకి పట్టేది ఇదే. మఠం అంటే అప్పట్లో ఒక ఆడది చదువుకోవడానికి, లెక్కలు చూడటానికి, పదిమంది మీద పెత్తనం చేయడానికి ఉన్న దాదాపు ఒకే ఒక్క చోటు. ఇష్టం లేకుండా అందులో పడేసిన పిల్లలూ ఉన్నారు, నిజమే. కాథరీనా ఫన్ బోరా అలా చిన్నప్పుడే మఠంలో చేరి, 1523 ఈస్టర్ వేళ ఇంకొందరు కన్యస్త్రీలతో కలిసి నింబ్షెన్ మఠం నుంచి తప్పించుకుని విటెన్‌బర్గ్ చేరింది, 1525 జూన్‌లో లూథర్‌ని పెళ్ళి చేసుకుంది. ఆ ఇల్లు నడిపింది ఆవిడే. బీరు కాచింది, పొలం కొనిపించి సేద్యం చేయించింది, చదువుకునే కుర్రాళ్ళకి గదులిచ్చి భోజనం పెట్టి డబ్బు తెచ్చింది. లూథర్ అప్పటి సాక్సనీ చట్టానికి సరిపోకపోయినా సరే అని తన ఆస్తి ఆవిడ పేరనే రాశాడు. పాస్టర్ గారి భార్య అని ఇవాళ మీ నాన్నగారి వైపు ఎంతో గౌరవంగా చూస్తారే, ఆ స్థానం ఐరోపాలో అప్పుడు కొత్తగా పుట్టింది. అంతకు ముందు పల్లెల్లో గురువుతో కాపురం చేసిన స్త్రీలు బోలెడుమంది ఉన్నారు గానీ, వాళ్ళకి భార్య అన్న పేరు లేదు, వాళ్ళ పిల్లలకి హక్కు లేదు.

ఇప్పుడు అదే 1525 జూన్‌లో న్యూరెంబర్గ్‌కి రా. ఊరు లూథరన్ అయింది. సెయింట్ క్లారా మఠంలో అరవై మంది వరకు కన్యస్త్రీలు ఉన్నారు, వాళ్ళ పెద్ద కారితాస్ పిర్క్‌హైమర్, లాటిన్‌లో పండితులతో ఉత్తరాలు నడిపిన మనిషి. మఠం మూసేయమని నగర సభ ఒత్తిడి తెస్తే ఆవిడ ఒప్పుకోలేదు. అప్పుడు ముగ్గురు తల్లులు వచ్చి తమ కూతుళ్ళని బలవంతంగా ఈడ్చుకుపోయారు. ఆ పిల్లలు ఏడుస్తూ, మేము రామని గింజుకున్నారు. వాళ్ళని నరకం నుంచి బయటకి తెస్తున్నామని ఆ తల్లులు నిజంగా నమ్మారు. ఇదంతా కారితాస్ రాసి ఉంచిన కాగితాల వల్లే మనకి తెలుస్తోంది. చివరికి లూథర్‌కి కుడిభుజం లాంటి మెలంక్‌థాన్ స్వయంగా వచ్చి ఆవిడతో మాట్లాడి, బలవంతం తగదని నగర సభకి చెప్పాడు. మఠాన్ని ఉండనిచ్చారు గానీ కొత్తవాళ్ళని చేర్చుకోనివ్వలేదు. అంటే ఒక్కొక్కరే చనిపోతూ అది ఖాళీ అయిపోవాలి. ఒకే నెలలో ఒక కన్యస్త్రీ సంతోషంగా పెళ్ళికూతురైంది, ఇంకో ముగ్గురు ఏడుస్తూ బయటికొచ్చారు. ఈ రెండూ కలిపి చెప్పకపోతే నీ సెమినార్ సగమే అవుతుంది.

కేథలిక్కుల వైపు మఠాలు ఉన్నాయి, కానీ ట్రెంట్ సభ వాటికి గోడలు ఎత్తు చేసింది. కన్యస్త్రీలు బయటికి రాకూడదు, బయటివాళ్ళు లోపలికి వెళ్ళకూడదు అని పాత నియమాన్ని గట్టిగా అమలు చేయించింది. అంతకు ముందు 1535లో ఇటలీలోని బ్రెషాలో ఆంజెలా మెరిచి అనే ఆవిడ, ఇళ్ళలోనే ఉంటూ సేవ చేసుకునే ఆడపిల్లల సంఘం పెట్టింది, ఉర్సులైన్లు వాళ్ళే. తర్వాత తర్వాత వాళ్ళలో చాలామందిని గోడల మధ్యకి నెట్టేశారు. అయినా వాళ్ళు ఆ గోడల లోపలే ఆడపిల్లలకి బడులు నడిపారు, అది నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. మేరీ వార్డ్ అనే ఇంగ్లీషు వనిత, జెజ్విట్ (కేథలిక్కుల యేసు సభ) గురువుల్లాగే మేమూ ఊరూరా తిరిగి ఆడపిల్లలకి చదువు చెబుతాం అని సంఘం కడితే, 1631లో పోప్ దాన్ని రద్దు చేశాడు, ఆవిడని మ్యూనిక్‌లో నిర్బంధించారు. ఆ సంఘం మాత్రం చావలేదు. మదర్ థెరిసా కలకత్తాకి వచ్చేటప్పుడు చేరిన లొరెటో సభ వేళ్ళు మేరీ వార్డ్ దగ్గరే ఉన్నాయి.

చదువు గురించి ఎలాగూ పుస్తకంలో ఉంటుంది, నేను రెండు మూడు విషయాలే చెబుతాను. లూథర్ కొత్త నిబంధన జర్మన్‌లో 1522లో వచ్చింది, మొత్తం బైబిల్ 1534లో. 1524లోనే నగర పాలకులందరికీ బడులు పెట్టమని, ఆడపిల్లలకి కూడా పెట్టమని రాశాడు. కానీ 1528లో సాక్సనీ పల్లెలు తిరిగి చూశాక ఆయన గుండె జారిపోయింది, జనానికి ప్రభువు ప్రార్థన కూడా సరిగ్గా రాదు, నేర్పాల్సిన పాస్టర్లలో చాలామందికీ రాదు. అందుకే 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. ఒక వాక్యం, కింద "ఇది ఏమిటి?" అన్న ప్రశ్న, దానికి జవాబు, ఇంటి యజమాని తన పిల్లలకీ పనివాళ్ళకీ నేర్పేలాగా. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ మన తెలుగు నేర్చుకుని వెళ్ళి 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగులో అచ్చు వేయించిన చిన్న పుస్తకాల్లో ఈ ప్రశ్నోత్తరి కూడా ఉంది. తెలుగు అచ్చు చరిత్రలో అవి తొలినాటివి, గుంటూరుకి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో రావడానికి దాదాపు వందేళ్ళ ముందు. ఈ ముక్క మాత్రం వదలకు.

అటు మిలాన్‌లో ఆదివారాలూ పండుగ రోజులూ పేద పిల్లలకి, మగపిల్లలకీ ఆడపిల్లలకీ, సత్యోపదేశంతో పాటు చదవడం రాయడం ఊరికే నేర్పే బడులు 1536లోనే మొదలయ్యాయి, ట్రెంట్ సభ కూడా అప్పటికి మొదలవలేదు. జెజ్విట్లు 1548లో సిసిలీలోని మెస్సీనాలో బయటి పిల్లల కోసం కాలేజీ తెరిచారు, ఫీజు లేదు. స్పెయిన్‌లో కార్డినల్ సిస్నేరోస్ లూథర్ పేరు ఎవరికీ తెలియక ముందే అల్కలాలో విశ్వవిద్యాలయం పెట్టి, హీబ్రూ, గ్రీకు, లాటిన్ బైబిల్‌ని పక్కపక్కన అచ్చు వేయించే పనిలో ఉన్నాడు. అందుకని మీ పుస్తకంలో "ప్రతి సంస్కరణ" (అంటే కేథలిక్కుల ఎదురు సంస్కరణ) అని ఉంటే, అది మొత్తం లూథర్‌కి ఎదురుదెబ్బగా పుట్టింది కాదని, చాలా భాగం దానంతట అదే ముందు నుంచీ నడుస్తోందని చెప్పు. మీ అమ్మగారు కూడా సంతోషిస్తారు.

బిచ్చగాళ్ళ సంగతి చాలామంది వదిలేస్తారు, నువ్వు వదలకు. అంతకు ముందు గుడి మెట్ల మీద కూర్చున్న పేదవాడికి ఒక స్థానం ఉండేది, వాడికి నాణెం వేస్తే వేసినవాడి ఆత్మకి మంచిది, వాడు వీళ్ళ కోసం ప్రార్థన చేస్తాడు. పుణ్యకార్యాలతో మోక్షం రాదు, విశ్వాసంతోనే అని లూథర్ అన్నాక ఆ లెక్క పోయింది. సాక్సనీలో లైస్నిగ్ అనే చిన్న ఊరు 1523లో ఒక ఉమ్మడి పెట్టె పెట్టుకుంది. గుడి ఆస్తుల ఆదాయం అందులో వేయాలి, దానికి నాలుగు తాళాలు, ఒక తాళంచెవి ప్రభువర్గం దగ్గర, ఒకటి నగర సభ దగ్గర, ఒకటి పట్నవాసుల దగ్గర, ఒకటి రైతుల దగ్గర. నలుగురూ వస్తేనే తెరుచుకుంటుంది! అందులోంచి ముసలివాళ్ళకి, అనాథలకి, బడికి, గుడి మరమ్మతుకి ఇస్తారు, వీధిలో అడుక్కోవడం నిషేధం. ఇది ప్రొటెస్టెంట్ల ఒక్కరి ఆలోచన అనుకోవద్దు, కేథలిక్ ఊరు ఈప్ర్‌లో 1525లో ఇలాంటి ఏర్పాటే చేశారు, కేథలిక్ పండితుడు వివెస్ 1526లో బ్రూజ్ నగరం కోసం ఇదే వాదిస్తూ పుస్తకం రాశాడు, లియోన్‌లో 1534 నుంచి వారం వారం రొట్టె, డబ్బు లెక్కగా పంచారు. పేదరికం నగరం బాధ్యత అయింది, ఇది పెద్ద మేలు. అదే సమయంలో "నువ్వు నిజంగా పేదవాడివేనా, ఈ ఊరివాడివేనా" అని పేదవాణ్ణి నిలబెట్టి అడగడమూ మొదలైంది. రేషన్ కార్డు కోసం లైన్లో నిలబడ్డ ఎవరికైనా ఆ ప్రశ్న ఎంత బరువో తెలుసు.

ఆ నిఘా ఎంత లోతుకి వెళ్ళిందో జెనీవాలో కనిపిస్తుంది. అక్కడి సంస్కర్త కాల్విన్ 1541లో పాస్టర్లు, పెద్దలు కలిసిన ఒక సభ ఏర్పాటు చేయించాడు, అది ప్రతి గురువారం కూర్చునేది. భర్త కొట్టాడని, అత్తాకోడళ్ళు మాట్లాడుకోవట్లేదని, నాట్యమాడారని, ముసలమ్మ ఇంకా లాటిన్‌లోనే మరియమ్మ ప్రార్థన చేస్తోందని, అన్నీ అక్కడికి వచ్చేవి. 1546లో ఆమీ షాపుయి అనే మంగలి కొడుకుకి క్లాడ్ అని పేరు పెడదామని గుడికి తీసుకొస్తే, పాస్టర్ అడక్కుండానే బిడ్డకి అబ్రహాం అని బాప్తిస్మం ఇచ్చేశాడు. క్లాడ్ ఆ చుట్టుపక్కల జనం మొక్కుకునే పునీతుడి పేరు కాబట్టి. తండ్రి బిడ్డని లాక్కుని, ఇది బాప్తిస్మమే కాదు అన్నాడు, ఊళ్ళో పెద్ద రభస అయింది. తాత పేరు పెట్టుకోవడం మనకెంత ముఖ్యమో తెలిసినవాళ్ళం కాబట్టి, ఆ తండ్రి కడుపు ఎంత మండి ఉంటుందో నేను ఊహించుకోగలను. అయితే ఆ సభ ముందే కొట్టే మొగుళ్ళకి కూడా మందలింపులు జరిగేవి, వినే దిక్కు లేని ఆడవాళ్ళ మాట అక్కడ విన్నారు, అది కూడా చెప్పాలి. కేథలిక్కుల వైపు అదే పని పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు చెప్పుకోవడం, చేసింది. మిలాన్ ఆర్చ్‌బిషప్ చార్లెస్ బొరోమియో గురువుకీ మనిషికీ మధ్య జాలీ ఉన్న పెట్టె పెట్టించాడు, ఏటా ఎవరు వచ్చారో ఎవరు రాలేదో రాసుకోమన్నాడు. ఇటలీలోనే మొంతెరెయాలె అనే పల్లెలో పిండిమర నడిపే మెనోక్కియో, దొరికిన పుస్తకాలు చదివి, పాలలోంచి జున్ను గడ్డకట్టి అందులో పురుగులు పుట్టినట్టు లోకం, దేవదూతలు పుట్టారని ఊళ్ళో చెబుతుంటే, 1584లో ఒకసారి, 1599లో మరోసారి విచారించి చివరికి చంపేశారు. చదువు నేర్పినవాళ్ళకే, చదివినవాడు సొంతంగా ఆలోచిస్తే భయం వేసింది. జెనీవాలో త్రిత్వాన్ని కాదన్న సెర్వెటస్‌ని 1553లో కాల్చారు, జ్యూరిచ్‌లో పెద్దయ్యాకే బాప్తిస్మం అన్న ఫెలిక్స్ మాంజ్‌ని 1527లో నదిలో ముంచి చంపారు. మంత్రగత్తెలని చెప్పి ఐరోపాలో చంపిన 40 వేల నుంచి 60 వేల మందిలో ఎక్కువమంది ఆడవాళ్ళే, రెండు పక్షాల ప్రాంతాల్లోనూ. ఆ విచారణల్లో హింస పెడితే ఎవరైనా ఒప్పుకుంటారు అని 1631లో పేరు లేకుండా పుస్తకం వేసినవాడు ఫ్రీడ్రిక్ ష్పే, జెజ్విట్ గురువు.

రైతుల సంగతి ఒక్క నిమిషమైనా చెప్పు. 1525లో మెమ్మింగెన్‌లో వాళ్ళు రాసుకున్న 12 కోరికల్లో మొదటిది మా పాస్టర్‌ని మేమే ఎన్నుకుంటాం, మూడోది క్రీస్తు మమ్మల్ని తన రక్తంతో విడిపించాడు కాబట్టి మేము ఎవరి బానిసలమూ కాము. లూథర్ మాటల్ని వాళ్ళు నిజంగా నమ్మారు. తిరుగుబాటు ముదిరాక ఆయనే వాళ్ళని అణచేయమని ఎంతో కఠినంగా రాశాడు, 70 వేల నుంచి లక్ష మంది వరకు చనిపోయారని అంచనా. మీ నాన్నగారి వైపు ఇది వినడానికి కష్టంగా ఉండొచ్చు, అయినా చెప్పు. పెట్టుబడిదారీ విధానం ప్రొటెస్టెంట్ల వల్లే పుట్టిందన్న మాక్స్ వెబర్ వాదం ఎవరో ఒకరు అడుగుతారు. వెనిస్, ఫ్లోరెన్స్ అంతకు ముందే వడ్డీ వ్యాపారం, హుండీలు నడిపాయి, ఇందాక చెప్పిన ఫుగ్గర్లలో ఎక్కువమంది కేథలిక్కులే, అని చెప్పి ఆపు. యుద్ధాల గురించి, 1555 ఆగ్స్‌బర్గ్ ఒప్పందం, 1572 పారిస్ మారణకాండ, 1618 నుంచి 1648 ముప్పై ఏళ్ళ యుద్ధం, ఇవి బోర్డు మీద రాసి పెట్టు, మాట్లాడే టైమ్ మనుషులకి ఉంచుకో.

ఇంట్లో గొడవ గురించి. అమ్మ వైపు కారితాస్ ఉంది, ష్పే ఉన్నాడు, మెనోక్కియోని చంపినవాళ్ళూ ఉన్నారు. నాన్న వైపు కాథరీనా ఉంది, నాలుగు తాళాల పెట్టె ఉంది, లూథర్ రైతులకి వ్యతిరేకంగా రాసిన రాతా ఉంది. అన్నీ ఒకే గొంతుతో, ఏదీ దాచకుండా చెబితే ఎవరూ నొచ్చుకోరు. నొచ్చుకున్నా నువ్వు అబద్ధం చెప్పలేదని వాళ్ళకి తెలుస్తుంది.

సెమినార్‌కి ముందు ఒక పని చెయ్యి. మీ అమ్మమ్మగారి పెళ్ళి ఏ విచారణలో జరిగిందో కనుక్కుని, అక్కడి గురువుగారిని అడిగి పెళ్ళిళ్ళ రిజిస్టర్ ఒకసారి చూపించమను. పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు, తేదీ, పెళ్ళి చేసిన గురువు పేరు, పక్కన సాక్షుల పేర్లు ఉంటాయి. అమ్మమ్మ గారి ఆ ఒక్క వరుసని కాగితం మీద రాసుకుని వెళ్ళి, క్లాసులో చదివి వినిపించి, ఆ గడులు అక్కడ ఎందుకున్నాయో చెప్పడంతో మొదలుపెట్టు.